కూరెకుప్పలో గుర్తొచ్చింది

గుర్తు లేదు అనే మాట భార్య పోయిన తర్వాతే తనకు అబ్బిందని గురునాథ్ నమ్మకం.

హారతి బతికినంత కాలం ఆ మాటతో అవసరం పడలేదని అతని లెక్క. ఆమె చెప్పేది, ఇతను చేసేవాడు. అత్త మాత్రలు ఎప్పుడు అయిపోతాయో, కూతురి బస్సు పాసు ఎప్పుడు మార్చాలో, మిరప చేలో కలుపుకు ఏ వీధి ఆడవాళ్లను పిలవాలో అన్నీ ఆమె తలలో ఉండేవి. ఆమె పోయి ఏడాది దాటింది. ఆ తల ఎంత మోసిందో ఇతనికి అప్పుడు తెలిసింది. తెలిసి ఏడ్చాడని చెప్పడానికి లేదు. కోపం తెచ్చుకున్నాడు. ఇన్ని పనులు తన నెత్తిన పడేసి పోయిందని, చచ్చిన మనిషి మీద కోపం.

కురుగోడు పక్కన కాలువ కింద అతనికి నల్లరేగడి చేను ఉంది, మిరప పెడతాడు. యశ్వంతనగర్ గనుల దగ్గర ఖనిజం తోలే టిప్పర్లకు ఒక కాంట్రాక్టరు కింద సూపర్‌వైజరు పని కూడా ఉంది. ఈ రెంటి మధ్య మోటారు సైకిలు మీద తిరుగుడు. ఇంట్లో సుగరు ముదిరిన తల్లి సుబ్బరత్నమ్మ, పీయూసీ చదివే కూతురు యశస్విని.

ఫోను మోగితే అవతల ఎవరో ఒకరికి ఏదో ఒకటి కావాలి. ఎవరేమడిగినా గురునాథ్ సరే అనేవాడు. కాదంటే ఎందుకు కాదో చెప్పాలి, చెప్పడానికి ఓపిక కావాలి. సరే అంటే ఆ క్షణానికి ఫోను పెట్టేయవచ్చు. తర్వాత చేయగలిగినవి చేసేవాడు. చేయలేకపోయిన వాటికి, "అయ్యో, గుర్తు లేదప్పా" అనేవాడు. ఆ మాటకు జనం మెత్తబడేవాళ్లు. పెండ్లాం పోయినోడు, ఒక్కడే ఎన్నని చూసుకుంటాడు అని తమలో తాము అనుకునేవాళ్లు. మొదట్లో నిజంగానే మరచిపోయేవాడు. పోనుపోను ఏది మరచిపోయిందో, ఏది మరచిపోయినట్టు చెప్పిందో అతనికే తేడా లేకుండా పోయింది.

వాళ్ల పిల్లకాలువ మీద ఒక కట్టుబాటు ఉంది. తూము పలకను నీరుగంటి తప్ప ఇంకొకరు ముట్టరాదు. వంతు ప్రకారం ఒక్కో చేనికి నీళ్లు తిప్పి, వంతు కాగానే పలక దించేవాడు నీరుగంటి. జీతమంటూ లేదు. పంట చేతికొచ్చినప్పుడు మిరప వాళ్లు కాయలు, వరి వాళ్లు వడ్లు తమ వంతుగా కొలిచి పెడతారు. ఆ కాలువకు వెంకటప్పయ్య నీరుగంటి, అంతకు ముందు అతని తండ్రి. కట్టుబాటు ఊరికే పుట్టలేదు. కాలువ పై భాగమంతా స్థానికుల మిరప. కింది భాగమంతా క్యాంపు వాళ్ల వరి, కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన వాళ్లది. నీళ్లు నిలిస్తే వరికి సంతోషం. మిరపకు నల్లరేగడిలో ఒక రాత్రి నిలిచాయంటే వేరు ఉడికిపోతుంది. అందుకని పలక ఒకే చేతిలో ఉండాలని పెద్దలు పెట్టారు.

గురునాథ్ చేను కింద, పల్లంలో, రామక్క మిరప. ఆమె ఒంటరి మనిషి. ఎకరం కౌలుకు తీసుకుని, నారు పోసిన దగ్గర నుంచి కాయ కోసేదాకా సొంత రెక్కల మీద చేస్తుంది.

ఆ రోజు గురునాథ్ వంతు. మధ్యాహ్నం వెంకటప్పయ్య ఇంటికే వచ్చాడు. గురునాథ్ వసారాలో నిలబడి ఫోనులో టిప్పరు డ్రైవరుతో అరుస్తున్నాడు. యశస్విని గడప దగ్గర నానమ్మ కాలి పుండుకు కట్టు కడుతోంది.

"గురునాథప్పా, నీ చేనికి నీళ్లు తిప్పినా. సందేళకు పలక దించల్ల. నా బిడ్డను కాన్పుకు బళ్లారిలో చేర్చినారంట, ఇప్పుడే ఫోనొచ్చె. పోకుంటే కాదు. ఎవరికన్నా చెప్పి పోదామని చూస్తాండా."

గురునాథ్ ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, రెండో చేత్తో పొమ్మన్నట్టు ఊపాడు.

"నువ్వు పో ఎంకటప్పా. నేను దించుతా."

వెంకటప్పయ్య వెంటనే కదల్లేదు. ఇంతవరకూ ఆ పలకను ఇంకొకరి చేతికి ఇచ్చినవాడు కాదు.

"కింద రామక్కది పల్లం. మర్చిపోవు గదా?"

"చూసుకుంటాలేప్పా, పో."

వెంకటప్పయ్య పోయాడు. కాసేపటికి కాంట్రాక్టరు నుంచి ఫోను వచ్చింది. సండూరు దారి మలుపులో టిప్పరు ఇరుసు విరిగి అడ్డం పడిందని, వెనక బండ్లన్నీ నిలిచిపోయాయని, వెంటనే రావాలని. గురునాథ్ సరే అన్నాడు.

అక్కడ పని తెమిలేసరికి దీపాలు పెట్టే వేళ అయింది. తిరుగుదారిలో కూరెకుప్పలో ఒక హోటలు ముందు బండి ఆపి టీ తీసుకున్నాడు. గ్లాసు నోటి దగ్గరకు పోతుండగా పలక గుర్తొచ్చింది.

ఇది జాగ్రత్తగా చెప్పాల్సిన సంగతి. అతను మరచిపోలేదు. గుర్తొచ్చింది. తూము కళ్ల ముందు కనబడింది, నీళ్లు తన చేను నింపి గట్టు మీదుగా రామక్క చేలోకి దిగడం కనబడింది. ఫోను చేతిలోనే ఉంది. కాలువ కింద వరి పెట్టిన సీతారామారావు నంబరు అందులో ఉంది. ఆయన ఆ వేళకు గట్టు మీదే తిరుగుతుంటాడు. ఒక్క మాట చెబితే దించేవాడు. కానీ రావుగారికి చేస్తే, నీరుగంటి పని మీరెందుకు ఒప్పుకున్నారండీ అని అడుగుతాడు. ఆ వెనకే, కాలువ సొసైటీ అర్జీ మీద ఊళ్లో సంతకాలు చేయించి తెస్తానన్నారే, ఏమైందండీ అంటాడు. దానికీ సరే అని ఉన్నాడు. అది ముట్టుకోనే లేదు. ఇంకొక మనిషి గొంతు వినే బలం తనలో లేదనిపించింది గురునాథ్‌కు. వెంకటప్పయ్య ఈపాటికి తిరిగి వచ్చేసి ఉంటాడులే, చూసుకుని ఉంటాడులే అనుకున్నాడు. కాన్పుకు పోయిన మనిషి అంత తొందరగా రాడని తెలిసే అనుకున్నాడు.

టీ తాగాడు. ఇంటికి పోయాడు. కూతురు పెట్టింది తిని పడుకున్నాడు. నిద్ర కూడా పట్టింది. తర్వాత అతన్ని ఎక్కువ కాల్చింది అదే.

తెల్లారి చేనికి పోతే తన మెరక చేలో నీళ్లు నిలవకుండా కిందికి జారిపోతున్నాయి, పల్లంలో రామక్క మిరప నీళ్లలో నిలబడి ఉంది. గట్టు మీద ఎవరూ లేరు. గురునాథ్ పలక దించి, చేతికంటిన తుప్పు ప్యాంటుకు తుడుచుకుని, బండెక్కి పనికి పోయాడు.

మూడో నాటికి చెట్లు తల వేలాడేశాయి. పూత, పిందె, ఎరుపు తిరుగుతున్న కాయ అన్నీ పట్టుకునే వేలాడేశాయి. రామక్క గట్టు మీద కూర్చుని, దారిన పోయేవాళ్లు పలకరించినా బదులు చెప్పలేదని ఊళ్లో అన్నారు.

కాలువ గట్టు మీది సొసైటీ షెడ్డులో అందర్నీ పిలిచారు. సీతారామారావు ప్రెసిడెంటు. వెంకటప్పయ్య దాచకుండా చెప్పాడు. బిడ్డ కాన్పుకు పోయినానని, పలక దించుతానని గురునాథప్ప చెబితేనే పోయినానని. అందరి తలలూ గురునాథ్ వైపు తిరిగాయి.

అతను ఏమీ ఆలోచించుకుని రాలేదు. నోటికి అలవాటైన మాట తానుగా వచ్చింది.

"నాకు గుర్తు లేదప్పా."

ఎప్పటిలాగే ఆ మాట పనిచేసింది. అప్పటిదాకా బిగిసి ఉన్న ముఖాలు సడలిపోవడం అతను చూశాడు.

"పాపం, ఆయన తల మీద ఎన్ని ఉన్నాయో మనకు తెలియందేముందండీ," అన్నాడు సీతారామారావు. "ఫోనులో మాట్లాడుతూ ఏదో తల ఊపి ఉంటారు. నీరుగంటి దాన్నే ఒప్పుకోలు అనుకున్నాడు. అయినా వెంకటప్పయ్యా, కట్టుబాటు నీది. పలక ఇంకొకరికి అప్పజెప్పి పోవడం నీ తప్పు కాదూ?"

వెంకటప్పయ్య గురునాథ్‌ను చూశాడు. వాదించలేదు.

"హౌదు రావుగారూ. నా తప్పే. ఇచ్చింది నేనే గదా."

వచ్చే తడికి కొత్త నీరుగంటిని పెట్టుకుందామని తేల్చారు. పలక తిప్పే ఇనుప పిడి వెంకటప్పయ్య ఎప్పుడూ భుజాన వేసుకుని తిరుగుతాడు. దాన్ని షెడ్డు గోడకు ఆనించి, తుండుగుడ్డ దులుపుకుని వెళ్లిపోయాడు. రామక్క ఆ పక్కకు తిరిగి కూడా చూడలేదు.

ఆ తర్వాత గురునాథ్ పనులు చేసే తీరు చూసి సుబ్బరత్నమ్మే ఆశ్చర్యపోయింది. మాత్రలు అయిపోకముందే తెచ్చాడు. బస్సు పాసు మార్పించాడు. రావుగారి అర్జీ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. ఒక్కటీ మరచిపోలేదు. ఒక చోట చేసిన పాడు పనికి ఇన్ని చోట్ల లంచం ఇచ్చుకుంటూ తిరిగాడనాలి.

రామక్కకు కూడా ఇవ్వబోయాడు. వేరుకుళ్లు మందు కొనుక్కుని పోయి, బతికిన చెట్ల మొదళ్లలో పోయమన్నాడు. అది ఇక పనిచేయదని ఇద్దరికీ తెలుసు. రామక్క డబ్బా తీసుకుని కొంగుతో తుడిచింది.

"నువ్వొక్కడివైనా ఈ పక్కకు వచ్చినావప్పా," అంది. "నీకే బోలెడన్ని తిప్పలు. అంతలో నా చేను గుర్తు పెట్టుకున్నావు."

గురునాథ్ ఆమె ముందు నిలబడలేకపోయాడు. ఫోను వచ్చినట్టు జేబు తడుముకుని బయటపడ్డాడు.

ఇంకొక రోజు కురుగోడు బస్టాండు దగ్గర టీ బంకులో నలుగురు కూర్చున్నారు. వెంకటప్పయ్య పసిబిడ్డకు ఉయ్యాల తాడు కొనుక్కుని పోతూ కనబడ్డాడు.

"ఏం నీరుగంటీ, ఈ పొద్దు ఎవురి చేను ముంచితివి?" అని ఒకడు కేకేశాడు.

"అదేం మాటప్పా, ఇప్పుడు ఆయప్ప తొట్లె ఊపే నీరుగంటి," అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు. వెంకటప్పయ్య కూడా నవ్వి తన దారిన పోయాడు. గురునాథ్ బంకు వెనక బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా పెట్టిన బొరుగుల వగ్గాణి చల్లారిపోయింది. లేచి, వెంకటప్పయ్య ఏ తప్పూ చేయలేదురా అనడానికి అంతకంటే మంచి సమయం రాదు. అతను లేవలేదు.

ఆ సాయంత్రం ఇంటికి వస్తే యశస్విని బియ్యం ఏరుతోంది. ముఖం ఎత్తకుండా అడిగింది, నీరుగంటి తాతను తీసేసినారంట, నిజమేనా అని. నిజమే అన్నాడు. నువ్వేం చెప్తివి అని అడిగింది. తనకు గుర్తు లేదని చెప్పినానని అన్నాడు.

యశస్విని చేట కింద పెట్టింది.

"నేను ఈడే ఉన్న్యా నాన్నా. నువ్వు దించుతానంటివి. మర్చిపోవు గదా అని తాత రెండోసారి అడిగె."

"ఉండొచ్చు బిడా. ఆ గొడవలో నాకు..."

"నీకు గుర్తుండాది."

గురునాథ్ చెప్పులు విప్పి గోడ పక్కన పెట్టాడు.

"అమ్మతో కూడా ఇట్లనే అంటాంటివి," అంది యశస్విని. "అమ్మ నమ్మేది కాదు. నమ్మినట్టు ఊరుకునేది. నాకు అట్ల ఊరుకునేది చేత కాదు."

చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుని రాళ్లు ఏరింది. గొంతు పెంచలేదు, ఏడవలేదు. మంచం మీద నుంచి సుబ్బరత్నమ్మ, వాణ్ణి ఎందుకు పీక్కు తింటావే, వాడొక్కడు ఎన్నని మోస్తాడు అని గొణిగింది. ఊరంతా అనే మాటే. కానీ ఆ రోజు తల్లి నోట విన్నప్పుడు గురునాథ్ వసారాలోకి పోయి నిలబడ్డాడు. మోయలేకపోవడం నిజం. ఆ నిజాన్ని దుప్పటిలా కప్పుకుని కింద తాను ఏమేం దాచాడో ఆ పిల్లకు తెలుసు. హారతికీ తెలిసే ఉండాలి.

కొత్త నీరుగంటిని ఎంచడానికి మళ్లీ షెడ్డులో కూడారు. గురునాథ్ వెంకటప్పయ్య ఇంటికి పోయి రమ్మని పిలిచాడు. ఎందుకని అతను అడగలేదు. చొక్కా తగిలించుకుని వెనక నడిచాడు. రామక్క అప్పటికే వచ్చి, గుమ్మం దగ్గర గోడకు చేరగిలబడి కూర్చుని ఉంది.

సీతారామారావు ఎవరి పేరో చెప్పబోతుండగా గురునాథ్ లేచాడు. ముందు పలక సంగతి ఒకటి చెప్పాలన్నాడు.

"దించుతానని నేనే చెప్తి. ఎంకటప్ప రెండుసార్లు అడిగె, రెండుసార్లూ ఊ అంటి."

"పోనీలెండి," అన్నాడు సీతారామారావు. "ఇప్పటికైనా గుర్తొచ్చింది, చెప్పారు. మనిషన్నాక మరుపు..."

"మరుపు కాదు రావుగారూ." అన్నాడు గురునాథ్. "ఆ సాయంత్రమే గుర్తొచ్చె. కూరెకుప్పలో టీ తాగతాండా. మీకు ఫోను చేస్తే అయిపోయేది. చెయ్యలేదు. ఇంటికి వచ్చి పండుకున్న్యా. తెల్లారి నేనే పలక దించి, ఎవురికీ చెప్పకుండా పోయినా. ఈ షెడ్డులో గుర్తు లేదని చెప్పింది అబద్ధం."

సీతారామారావు గొంతు సవరించుకున్నాడు. ఆయన మంచివాడు. మంచివాళ్లకు చేతనైనది చేయబోయాడు.

"చూడండి, పొద్దున లేచిన దగ్గర నుంచి అటు గనులూ ఇటు చేనూ, ఇంట్లో పెద్దావిడా. ఆ అలసటలో ఎవరికైనా బుర్ర పనిచేయదండీ. మనం ఆయన స్థితి కూడా..."

"చాలు రావుగారూ," అంది రామక్క. "ఇంక చాలు."

లేవలేదు. కూర్చున్న చోటి నుంచే గురునాథ్‌ను చూసింది.

"అలుపు ఎవురికి లేదప్పా? నేను నారు నాటినప్పుడు జ్వరం. కలుపుకు కూలి దొరక్కపాయ, ఒక్కదాన్నే తీసినా. అలిసిపోతినని నీ చేను మీదికి నీళ్లు వదిలినానా? నువ్వు మర్చిపోయి ఉంటే నా కర్మ అనుకుంటాంటి. మందు డబ్బా పట్టుకొని వస్తివే, ఆ పొద్దు నీకు దండం పెట్టినంత పని చేస్తి. అప్పుడు కూడా నీకు గుర్తుండె గదా?"

"గుర్తుండె రామక్కా."

"ఊ," అంది.

పంట నష్టం తానే కట్టుకుంటానని గురునాథ్ చెప్పాడు. ఇయ్యి, తీసుకుంటా, అది వేరే లెక్క అంది రామక్క. ఎవరూ కాదనలేదు.

సీతారామారావు గోడకు ఆనించి ఉన్న ఇనుప పిడి తెచ్చి వెంకటప్పయ్యకు ఇవ్వబోయాడు. జరిగింది మనసులో పెట్టుకోవద్దని, సొసైటీ తరఫున తానే అడుగుతున్నానని అన్నాడు. వెంకటప్పయ్య వెంటనే చేయి చాపలేదు.

"తీసుకుంటా. ఒక మాట ఉండాది," అన్నాడు. గురునాథ్ వైపు తిరిగాడు. "నీ చేనికి నీళ్లు తిప్పిన పొద్దు నువ్వు గట్టు మీద ఉండల్ల గురునాథప్పా. తిప్పినప్పటి నుంచి దించిందాకా. నువ్వు లేకుంటే నీ చేనికి తిప్పను, వంతు కిందోళ్లకు పోతాది. ఫోను చేసి వస్తాండా, దారిలో ఉండా అంటే నేను వినను."

గురునాథ్ మనసులో యశ్వంతనగర్ దారి, కాంట్రాక్టరు గొంతు, తల్లి డాక్టరు దగ్గరకు పోవాల్సిన రోజులు అన్నీ ఒక్కసారి గిర్రున తిరిగాయి. సరే అనే మాట నాలుక మీదకు వచ్చింది. దాన్ని ఆపి, చేయగలడా లేదా అని మొదటిసారి లోపల చూసుకున్నాడు. ఏదైనా ఒకటి వదిలితే తప్ప చేయలేడు.

"రెండు దినాలు టైము ఇయ్యి ఎంకటప్పా. గనుల పని సంగతి మాట్లాడుకొని చెప్తా. మాట్లాడకుండా సరే అనను."

వెంకటప్పయ్య పిడి భుజాన వేసుకున్నాడు. క్షమించినట్టు లేదు. అలాగని మాట కొట్టేసినట్టూ లేదు.

కాంట్రాక్టరు మొదట నవ్వాడు, తర్వాత తిట్టాడు. నీళ్ల వంతు రోజుల్లో రానని, రాత్రి ఫోనుకు పలకనని గురునాథ్ చెప్పాడు. అయితే సగం బండ్లే చూసుకో, సగం జీతమే తీసుకో అన్నాడు కాంట్రాక్టరు. అలాగే అయింది. ఇంట్లో ఇబ్బందే. తల్లిని డాక్టరుకు చూపించే పని చెల్లెలిని నోరు తెరిచి అడిగాడు. నువ్వు అడగందే నాకెట్ల తెలుస్తుందిన్నా అని ఆమె తిట్టి ఒప్పుకుంది. ఇంతకాలం ఎందుకు అడగలేదో అతను చెప్పలేకపోయాడు. అడగకపోతే బరువు తన మీదే ఉంటుంది, అడిగితే పోతుంది. పోతే ఇక ఆ సాకు ఉండదు.

యశస్విని మాత్రం మునుపటిలా మాట్లాడటం లేదు. అన్నం పెడుతుంది. అడిగినదానికి బదులు చెబుతుంది. అంతవరకే.

రామక్క ఎండిన చెట్లు పీకేసి, తేమ పోకముందే శనగలు వేసుకోవాలని చూస్తోందని తెలిసి గురునాథ్ పోయాడు. ఆమె ఒక సాలులో పీకుతోంది. ఇతను పక్క సాలు పట్టుకున్నాడు. ఆమె వద్దనలేదు, రమ్మనలేదు. వేళ్లు నల్లగా మెత్తబడి ఉన్నాయి, లాగితే శ్రమ లేకుండా ఊడి వస్తున్నాయి. కొన్నిటికి ముడతలు పడిన ఎర్రకాయలు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి చేను సగం కూడా కాలేదు. పీకిన చెట్లు గట్టు మీద కుప్ప పోశాడు. కుప్ప అతని నడుము ఎత్తు అయింది.

రామక్క నడుం పట్టుకుని నిలబడింది.

"రేపు వస్తావా?"

గురునాథ్ ఆలోచించాడు. రేపు గనుల దగ్గర బండ్లు ఉన్నాయి.

"రేపు రాలేను రామక్కా. ఎల్లుండి పొద్దున్నే వస్తా."

ఆమె అతని ముఖంలోకి చూసింది. తర్వాత వంగి ఇంకొక చెట్టు పీకింది.

"ఎల్లుండి వచ్చినప్పుడు చూస్తాం," అంది.